ఫోన్‌లో వాన, చేతిలో పదును

ప్రశ్న: మాది శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి వైపు ఒక పల్లె. ఆరెకరాల ఎర్ర గరుసు నేల ఉంది. వాన మీదే ఆధారపడిన వేరుశనగ సేద్యం. డిప్లొమా చదివి, కొన్నేళ్లు బెంగళూరులో పనిచేసి, ఊరికి తిరిగి వచ్చి సేద్యంలో దిగాను. మా నాయనకు డెబ్బై దగ్గర పడింది. ఆయన అన్నిటికీ కార్తెలు లెక్కబెడతారు. నేను ఫోన్‌లో వాతావరణం చూస్తాను. ముందటేడు జూన్ చివర్లో మంచి వాన పడింది. విత్తుదామంటే "పునర్వసు రానీ" అని ఆపేశారు. ఆ వానకే విత్తిన పక్క చేలవాళ్లకు మాకంటే బాగా పండింది. అందుకని పోయినేడు నేనే నిర్ణయం తీసుకున్నాను. వరుసగా మూడు రోజులు మోస్తరు వాన ఉందని ఫోన్ చూపించింది, ముందు రోజు రాత్రి ఒక జల్లు కూడా పడింది. తెల్లవారగానే ట్రాక్టర్ పిలిపించి విత్తించాను. మా నాయన చేలోకి వచ్చి, సాలులో మట్టి తీసి పిసికి, కింద వేసి, ఏమీ మాట్లాడకుండా ఇంటికి పోయారు. ఆ తర్వాత పది రోజులు చినుకు లేదు. మొలక సగం కూడా రాలేదు. మళ్లీ విత్తనం కొని విత్తాల్సి వచ్చింది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే "నీ ఫోన్ చెప్పింది కదా" అన్నారు. నేర్పమంటే "చేస్తే అదే వస్తుంది" అంటారు తప్ప వివరించరు. కార్తెలు మూఢనమ్మకమా, శాస్త్రమా? ఫోన్‌ను నమ్మడం తప్పా? ఆయనకు తెలిసినదంతా ఆయనతోనే పోతుందేమోనన్న భయం ఉంది. అటక మీద ఉన్న, ఎద్దులతో విత్తనం వేసే పాత గొర్రును చూసినప్పుడల్లా ఏదో పోగొట్టుకున్నట్టు అనిపిస్తుంది. ఏం చేయమంటారు?
— ఒక యువరైతు

సమాధానం: కార్తెల గురించి, ఫోన్ గురించి మీరు వివరంగా రాశారు. కానీ పోయినేడు మీ పంటను దెబ్బతీసినది ఆ రెండూ కాదు. అది మీరు ఒకే వాక్యంలో చెప్పి వదిలేసిన చోట ఉంది. మీ నాన్నగారు సాలులో మట్టి తీసి పిసికి కింద వేశారు. ఆ సమయంలో ఆయన పంచాంగం చూడలేదు, ఆకాశం వైపూ చూడలేదు. చేలో పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, ఉందో లేదో చూశారు, లేదని తెలుసుకున్నారు. అప్పటికే విత్తనం భూమిలో పడిపోయింది కనుక మాట్లాడి ప్రయోజనం లేదనుకుని ఉండవచ్చు, తనను అడగకుండా ట్రాక్టర్ పిలిచారని అలిగి ఉండవచ్చు. కారణం ఏదైనా, మీరు భయపడుతున్నట్టు ఆయనతో పాటే పోయే విద్య ఒకటి ఉంటే అది ఇదే. కార్తెలకు ఆ భయం లేదు. అవి ఏటా పంచాంగంలోనూ, గోడ మీద వేలాడే క్యాలెండర్‌లోనూ అచ్చవుతూనే ఉంటాయి.

అయినా మీరు సూటిగా అడిగారు కనుక ముందు కార్తెల సంగతే చెబుతాను. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలాన్ని ఒక కార్తె అంటారు. ఏడాదిలో 27 కార్తెలు, ఒక్కో దానికి 13 లేదా 14 రోజులు. చంద్రుణ్ని బట్టి లెక్కించే మన నెలలు, తిథులు ఇంగ్లీషు తేదీలతో పోలిస్తే ఏటా ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. ఏరువాక పున్నమి ఒక ఏడు జూన్ మొదటి వారంలో వస్తే మరో ఏడు నెలాఖరుకు పోతుంది. కార్తెలు సూర్యుణ్ని పట్టుకుని నడుస్తాయి కాబట్టి మృగశిర ఏటా జూన్ 8 ప్రాంతంలో, పునర్వసు జూలై 6 ప్రాంతంలో, పుష్యమి జూలై 20 ప్రాంతంలో ప్రవేశిస్తాయి. ఎండా వానా సూర్యుణ్ని అనుసరించే వస్తాయని తెలిసిన రైతులు పండుగలను చాంద్రమానానికి వదిలి, సేద్యాన్ని మాత్రం కార్తెలకు కట్టుకున్నారు. ఇందులో మూఢనమ్మకం ఏమీ లేదు. ఇది సేద్యపు క్యాలెండర్, అంతే.

మీ నాన్నగారు "పునర్వసు రానీ" అన్న మాటలో ఎంత లెక్క దాగి ఉందో చూడండి. ఉమ్మడి అనంతపురం జిల్లా పడమటి కనుమల చాటున ఉంది. నైరుతి మేఘాల నీరు చాలావరకు ఆ కొండలకు అటువైపే కురిసిపోతుంది కనుక, మీకు ఏడాది మొత్తం మీద పడే వాన 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ మాత్రమే. అందులో జూన్ వాటా తక్కువ, అన్నిటికంటే ఎక్కువ వాన పడేది సెప్టెంబర్‌లో. వేరుశనగ విత్తిన నెలకు పైబడి పూత, ఊడలు (పూత నుంచి భూమిలోకి దిగి కాయ కట్టే కాడలు) మొదలవుతాయి, ఆ తర్వాత కాయ ఊరుతుంది. నీటి అవసరం అప్పుడే ఎక్కువ. జూలైలో విత్తిన చేనుకు ఈ దశ ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో వస్తుంది. అంటే విత్తే రోజు వాన కంటే ఊడలు దిగేనాటి వానకు గురిపెట్టి విత్తే తేదీని నిర్ణయించారన్నమాట. వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా మీ ప్రాంతంలో వర్షాధారపు వేరుశనగకు జూలై నెలను అనువైన కాలంగా చెబుతారు. పునర్వసు, పుష్యమి కార్తెలు కలిపితే దాదాపు ఆ నెలంతా వస్తుంది. జూన్ చివరి వానకు విత్తిన పక్క చేలకు ముందటేడు అదృష్టం కలిసివచ్చింది. జూలైలో రెండు వారాలు వాన ముఖం చాటేసి ఉంటే ఆ చేలే ముందుగా వాడిపోయేవి. ఒక్క ఏడాది పంటను బట్టి ఒక నిర్ణయం మంచిదో చెడ్డదో తేల్చలేం. ఆ విషయంలో మీ నాన్నగారికి మీరు కొంచెం అన్యాయం చేశారనే అంటాను.

అలాగని కార్తె చెప్పేది ఈ ఏటి వాన గురించి కాదని ఆయన కూడా ఒప్పుకోవాలి. ఎన్నో ఏళ్ల వానలను చూసి, సగటున ఏ పక్షంలో ఏం జరుగుతుందో గుర్తుపెట్టుకున్న జ్ఞాపకం అది. "ఆరుద్రలో అడ్డెడు చల్లితే పుట్టెడు పండును" అన్న సామెత చాలా ఏళ్లకు నిజం, కొన్ని ఏళ్లకు కాదు. పైగా ఆ క్యాలెండర్ కూడా ఒకేచోట నిలబడి లేదు. భూమి అక్షం నెమ్మదిగా తన దిశ మార్చుకుంటూ ఉండటం వల్ల నక్షత్రాలతో లెక్కించే ఏడాదికీ రుతువులు తిరిగివచ్చే ఏడాదికీ 20 నిమిషాల తేడా ఉంది. ఆ తేడా పోగుపడి 70 ఏళ్లకు పైబడి ఒక రోజు అవుతుంది, వెయ్యేళ్లకు ఒక కార్తె అంత అవుతుంది. అందువల్ల మృగశిర వెయ్యేళ్ల కిందట రుతువులో వచ్చిన చోట ఇప్పుడు రావడం లేదు. సామెతలు చెక్కుచెదరకుండా వచ్చాయని అనుకుంటాం గానీ, తరతరాల రైతులు చూసి, సరిదిద్ది, పనికిరానివి వదిలేసి మనకు అందించారనుకోవడమే సబబు.

ఆ మాటకొస్తే వేరుశనగే మనది కాదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. అనంతపురం చేలన్నిటా అది పరుచుకున్నది ఇరవయ్యో శతాబ్దంలోనే. అంతకుముందు అక్కడ కొర్ర, జొన్న, సజ్జ, ఉలవ ఉండేవి. పాత సామెతలు పుట్టింది ఆ పంటల మధ్యన. మీరు సంప్రదాయం అనుకుంటున్నది మీ తాతగారి కాలంలో కొత్త పంటకు పాత క్యాలెండర్‌ను అమర్చుకున్న తెలివి. కొత్తదాన్ని తెచ్చుకోవడం వాళ్లకు తప్పనిపించలేదు, మీకూ అనిపించనక్కరలేదు. పాతకాలంలో అంతా బాగుండేదన్న మాటను కూడా నేను ఒప్పుకోను. 1876–78లో వచ్చిన కరువును రాయలసీమ ఇప్పటికీ ధాత కరువు అని తలుచుకుంటుంది. అప్పటి రైతులకు కార్తెలు మనకంటే బాగా తెలుసు. పదును చూడటమూ తెలుసు. పడని వానను ఆ విద్యలు కురిపించలేకపోయాయి. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు, రుతుపవనం ఎలా ఉండబోతోందో ముందే చెప్పాలన్న పని ఆ కరువు తర్వాతనే మీద పడింది. దాని మొదటి అధిపతి బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల మీది మంచును ఆధారం చేసుకుని 1880లలో అంచనాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. మీ ఫోన్‌లో కనిపించే మేఘం బొమ్మకు మూలాలు వెతికితే, అవి సీమ రైతుల ఆకలి దాకా పోతాయి.

కాబట్టి ఫోన్‌ను నమ్మడం తప్పు కాదు. ఫోన్ ఏం చెబుతోందో చదవకుండా నమ్మడం తప్పు. మోస్తరు వాన అన్న మాటనే తీసుకోండి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్లు పడితే తేలికపాటి వాన, 15.6 నుంచి 64.4 దాకా పడితే మోస్తరు వాన. "తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు" అని ప్రకటనలో వస్తే, దాని అర్థం 2.5 మిల్లీమీటర్లు పడవచ్చు, 64 కూడా పడవచ్చు అని. మొదటిదానికి దుమ్ము అణుగుతుంది, రెండోదానికి వంక పారుతుంది. ఆ వాక్యానికి ముందుండే మాటలు ఇంకా ముఖ్యమైనవి. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన నమోదవుతుందని అర్థం. నాలుగు ఊళ్లలో మూడు ఊళ్లు పొడిగా ఉన్నా ఆ ప్రకటన నిజమే అవుతుంది. చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుందని మీ నాన్నగారు అనే ఉంటారు. శాస్త్రజ్ఞులు అదే సంగతిని శాతాల్లో చెబుతున్నారు.

ఉచితంగా దొరికే చాలా యాప్‌లు ఈ వివరాలన్నీ పక్కన పెట్టి ఒక మేఘం, రెండు చుక్కలు బొమ్మగా వేసి చూపిస్తాయి. ఆ బొమ్మ వెనక ఉన్నది భూమిని గళ్లుగా విడగొట్టి లెక్కలు కట్టే కంప్యూటర్. మన దేశం 2025 మేలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక గడి 6 కిలోమీటర్ల పొడవు, 6 కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. ఇది పెద్ద ముందడుగే. అయినా ఆ ఒక్క గడిలో దాదాపు 8,900 ఎకరాలు ఇమిడి ఉంటాయి, అందులో మీవి ఆరు. యాప్ వాడదలిస్తే వాతావరణ శాఖ, వ్యవసాయ పరిశోధన మండలి కలిసి 2019లో తెచ్చిన మేఘదూత్ వాడండి. తెలుగులో ఉంటుంది, మీ జిల్లాకు అయిదు రోజుల అంచనాతో పాటు మంగళ, శుక్రవారాల్లో పంటల సలహాలు కూడా వస్తాయి. బొమ్మ చూసి వదిలేయక సలహా మొత్తం చదవండి. పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్‌ను కూడా పెట్టుకోండి. విత్తనాల కాలంలో బయలు చేలలో పిడుగుపాటుకు ఏటా మనుషులు చనిపోతున్నారు. ఈ ఒక్క విషయంలో ఎవరి అనుభవం కన్నా ఫోన్‌దే పైచేయి.

ఇక పదును గురించి. మీరు నిజంగా నేర్చుకోవలసింది ఇదే కనుక కొంత వివరంగా చెబుతాను.

వాన పడ్డ మర్నాడు పొద్దున గడ్డపార తీసుకుని చేలోకి వెళ్లండి. గట్టు పక్కన కాకుండా చేను నడుమ, మెరకన ఒకచోట, పల్లాన ఒకచోట, రాళ్లు ఎక్కువున్న చోట ఇంకొకటి, జానెడు లోతు గుంటలు తవ్వండి. తడి ఎక్కడిదాకా దిగిందో గుంట గోడ మీద రంగులోనే తెలుస్తుంది. పైన ముదురు ఎరుపు, కింద పాలిపోయిన ఎరుపు, మధ్యన ఒక గీత. ఆ గీత నాలుగు వేళ్ల లోతులోనే ఆగిపోయిందంటే, పైన ఎంత తడిగా ఉన్నా విత్తకూడదు. మీ నేలలో వేరుశనగ గింజ 5 సెంటీమీటర్ల లోతున పడుతుంది. ఆ కాస్త తడికి అది నాని, మొలక కదిలి, వేరు కిందికి చూసేసరికి కింద పొడిమట్టి తగులుతుంది. పోయినేడు మీ చేలో జరిగింది ఇదే అయి ఉంటుంది. అసలు వానే లేకపోతే గింజ పొడిమట్టిలో కొన్నాళ్లు ఓపిక పట్టేది. అరకొర వాన దాన్ని లేపి, మధ్యలో వదిలేసింది.

తర్వాత గింజ పడే లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసికి పిడికిలి విప్పండి. ముద్ద కట్టకుండా రాలిపోతే పదును చాలదు. ముద్ద కట్టి అరచేతికి జిగురుగా అంటుకుంటే ఇంకా ఆరాలి, అప్పుడు ట్రాక్టర్ దించితే నేల గట్టిపడుతుంది. ముద్ద కట్టి, చెయ్యి పెద్దగా తడి కాకుండా, నడుము ఎత్తు నుంచి వదిలితే నేల మీద పడి నాలుగైదు ముక్కలుగా విడిపోతే అది పదును. మీ నాన్నగారు మట్టిని పిసికి కింద వేసింది ఈ పరీక్ష కోసమే. మట్టి ఎలా పడిందో మీరు చూసి ఉంటే ఆయన మౌనంగా వెళ్లిపోవడానికి కారణం అప్పుడే తెలిసిపోయేది. ఎర్ర నేలల్లో ఈ స్థితి రెండు మూడు రోజులకు మించి నిలవదు, గాలి ఎక్కువగా ఉంటే ఇంకా తక్కువ. అందుకే ఆ రెండు రోజుల్లో ఇంటిల్లిపాదీ చేలోనే ఉంటారు.

చేతికి తోడుగా ఒక కొలత కూడా పెట్టుకోండి. అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పున్న నిలువు డబ్బా ఒకటి, చెట్లకు, గోడలకు దూరంగా చేలోనే పాతండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో నీటి ఎత్తు కొలవండి, వాతావరణ శాఖ కూడా ఆ వేళకే కొలుస్తుంది. డబ్బాలో నీళ్లు ఎన్ని మిల్లీమీటర్లు నిలిస్తే అన్ని మిల్లీమీటర్ల వాన పడినట్టు. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు సుమారు 4 వేల లీటర్ల నీరు, 20 మిల్లీమీటర్లంటే 80 వేల లీటర్లు. మీలాంటి నేలలో 20 నుంచి 25 మిల్లీమీటర్ల వాన ఒక్క దఫాలో పడితే విత్తనానికి సరిపోయే తడి దిగుతుందని స్థూలంగా అంటారు. కానీ అంతకుముందు నేల ఎంత ఎండిపోయి ఉంది, దుక్కి ఎంత లోతుగా ఉంది, ఉధృతంగా పడి ఎంత నీరు పారిపోయింది అన్నదాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. అక్కడ మళ్లీ గుంట తవ్వి చూడాల్సిందే. డబ్బాలో కొలత ఎంత వచ్చిందో, గుంటలో గీత ఎంత లోతుకు దిగిందో రెండూ పక్కపక్కనే రాసుకుంటూ పోతే, రెండు మూడేళ్లలో మీ చేను నీటిని ఎలా తాగుతుందో ఏ శాస్త్రవేత్తకూ లేనంత వివరంగా మీకు తెలుస్తుంది.

ఇందులో ఒక నియమం మాత్రం కచ్చితంగా పాటించండి: ఫోన్ చూడకముందే చేను చూడండి. ముందు మీ అంచనా పుస్తకంలో రాసి, ఆ తర్వాతే ఫోన్ తెరవండి. తెర మీద మేఘం బొమ్మ ఒకసారి కనిపించాక, కళ్లు మట్టిలో ఆ బొమ్మకు సాక్ష్యం వెతుకుతాయే తప్ప మట్టిని చూడవు. ఇది రైతులకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. ఆటోపైలట్‌తో విమానాలు నడిపి నడిపి పైలట్లకు చేత్తో నడిపే నేర్పు సన్నగిల్లుతోందని గుర్తించి, వీలున్నప్పుడల్లా వాళ్లను చేత్తో నడపనివ్వమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 2013 జనవరిలో విమాన సంస్థలకు సూచించింది. ఆటోపైలట్‌ను తీసేయమని మాత్రం అనలేదు.

ఇప్పుడు మీ నాన్నగారి దగ్గర నేర్చుకోవడం ఎలాగన్నది. ఆయన వివరించరని మీరు బాధపడుతున్నారు. నాకు తెలిసినంతవరకు ఆయన దాచుకోవడం లేదు, వివరించలేకపోతున్నారు. ఆరేడేళ్ల వయసు నుంచి చేతులతో నేర్చుకున్న పనికి మాటలు ఉండవు. ఈత వచ్చినవాణ్ని నీళ్లలో ఎలా తేలుతున్నావని అడిగితే అతను కూడా "దిగితే అదే వస్తుంది" అనే అంటాడు. అందుకని "ఎలా తెలుసు?", "ఎందుకు?" అన్న ప్రశ్నలు మానేయండి. మూడు గుంటల నుంచి మూడు గుప్పిళ్ల మట్టి తీసుకువెళ్లి ఆయన ముందు పెట్టి, "నాయనా, వీటిలో దేనికి విత్తనం వేయొచ్చు?" అని అడగండి. జవాబు చెప్పడం ఆయనకు క్షణం పని. ఆయన చెప్పకముందే మీ జవాబు మనసులో అనుకోండి, తప్పితే ఆ మట్టిని మళ్లీ పిసికి చూడండి. "పదును అంటే ఏమిటి?" అని అడిగితే ఆయనకు విసుగొస్తుంది. "ఇది చాలునా, ఇంకొక వాన కావాలా?" అని అడిగితే మీరు కాదన్నా చెబుతారు. చేలో నిలబడి అడగండి, ఇంట్లో మంచం మీద కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేయబోతే ఆయనకు మాట రాదు.

విత్తనం విషయంలోనూ ఇలాగే చేయండి. ఎండిన కాయను చెవి దగ్గర పెట్టి ఊపి, లోపల గింజ గలగలలాడుతుందో లేదో విని, తేమ తగ్గిందో లేదో చెప్పగలగడం చిన్న విద్య కాదు. వేరుశనగ విత్తనంలో తేమ 9 శాతానికి మించకూడదని ధ్రువీకరణ ప్రమాణం చెబుతోంది. యంత్రం లేకుండా ఆ హద్దుకు దగ్గరగా చెప్పగలిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మీ ఇంట్లో ఆడవాళ్లు విత్తనపు కాయలను చేత్తో ఒలిచేవారో లేదో కనుక్కోండి. మిషన్‌లో ఒలిస్తే గింజ బద్దలవడం, పైపొర చిట్లడం ఎక్కువై మొలక శాతం పడిపోతుంది. ఈ పని నిదానమే, ఒళ్లు నొప్పులూ నిజమే. కానీ ఆరెకరాల విత్తనానికి దాని విలువ ఉంది. తినే పప్పుకు మిషన్ వాడుకోండి, ఎవరూ కాదనరు.

అన్ని పాత పనులనూ కాపాడుకోవాలన్న పట్టుదల నాకు లేదు, మీరూ పెట్టుకోవద్దు. అటక మీది గొర్రును చూసి మీరు నొచ్చుకుంటున్నారు గానీ, పదును రెండు రోజులే నిలిచే నేలలో ఆరెకరాలను ఒక్క పూటలో విత్తగలిగే ట్రాక్టర్ గొర్రు మీ తాతగారికి దొరికి ఉంటే ఆయన కళ్లకద్దుకుని వాడుకునేవారు. గొర్రు వెనక నడుస్తూ, జడ్డిగంలో (గొర్రుకుండే గింజల గిన్నెలో) గింజలను గుప్పిట్లోంచి ఎడం తప్పకుండా వదిలే నేర్పు గొప్పది. దాన్ని చూడటం ఒక అందం. ఆ పనిని ఇప్పుడు యంత్రం బాగానే చేస్తోంది, ఎద్దులను ఏడాదంతా మేపే స్తోమత కూడా మీకు లేదు. దాన్ని వదులుకున్నందుకు నష్టపోలేదు. అదే ట్రాక్టర్‌ను ఏ రోజున చేలోకి దించాలో తెలిసిన మనిషి లేకపోవడమే నష్టం. యంత్రం వేగంగా పనిచేసేకొద్దీ తప్పు కూడా వేగంగానే జరుగుతుంది. ఎద్దుల గొర్రుతో అయితే రెండెకరాలు విత్తేసరికి పొద్దువాలి, మిగతా నాలుగు దక్కేవి.

మీ నాన్నగారు చెప్పేవన్నీ సరైనవేనని కూడా అనుకోకండి. చంద్రుడి చుట్టూ గుడి (వెలుగు వలయం) కట్టడం, చీమలు గుడ్లు మోసుకుపోవడం, తూనీగలు నేలకు దగ్గరగా తిరగడం వంటి గుర్తులు ఆయన చెబితే వాటినీ అదే పుస్తకంలో తేదీ వేసి రాయండి, తర్వాత డబ్బాలో ఎంత పడిందో పక్కనే రాయండి. కొన్ని నిలబడతాయి, కొన్ని పోతాయి. కార్తె దగ్గర కూడా ఆయన పట్టుబట్టి, మంచి పదునున్న చేనును కేవలం మూడు నాలుగు రోజుల తేడా కోసం వదిలేయమంటే మీరు ఒప్పుకోనక్కరలేదు. కార్తె మారినంత మాత్రాన ఆ అర్ధరాత్రి చేలో ఏదీ మారదు. ఆ వాదన పెట్టుకునే ముందు మాత్రం వరుసగా రెండు ఖరీఫ్‌ల కొలతలు మీ చేతిలో ఉండాలి. తండ్రితో వాదించడానికి ఫోన్ కన్నా మీరు చేలో నిలబడి రాసిన పుస్తకం బలమైన సాక్ష్యం.

చివరగా ఒక పని మీరు వెంటనే చేయాలి, ఆలస్యం కూడదు. ఏ కార్తె దాటితే ఏ పంట వేయాలో ఆయన్ను అడిగి వరుసగా రాయించుకోండి. వేరుశనగకు జూలై దాటి ఆగస్టు సగానికి వచ్చాక మీ ప్రాంతంలో ఇక వేయవద్దంటారు. అప్పుడు కొర్ర, అలసంద, పశువుల మేతకు జొన్న, ఇంకా ఆలస్యమైతే ఉలవ. వ్యవసాయ విశ్వవిద్యాలయపు ప్రత్యామ్నాయ ప్రణాళికలో కూడా ఈ పంటలే ఉంటాయి. కానీ మీ ఆరెకరాల్లో ఏ చెక్కలో కొర్ర నిలుస్తుంది, ఏ మూల ఉలవే గతి అన్నది అందులో ఉండదు, ఆయనకు తెలుసు. ఆ జాబితా చేతికి వచ్చాక కొర్ర, ఉలవ విత్తనం కొంచెం ఇప్పుడే సంపాదించి ఇంట్లో పెట్టుకోండి. ఆగస్టు దాకా వాన రాకపోతే ఊరంతా ఒకేసారి వాటికోసం వెతుకుతుంది, అప్పుడు ఎంత ధర పెట్టినా దొరకవు. కొన్న విత్తనంలో నూరు గింజలు లెక్కబెట్టి తడి గోనెపట్టాలో చుట్టి పెట్టి, ఎన్ని మొలిచాయో చూసుకోండి. మీరు దాచుకున్న వేరుశనగకూ ఇదే పరీక్ష చేయండి. అందులో 70 కన్నా తక్కువ మొలిస్తే ఆ విత్తనాన్ని వేయవద్దు.